కారం తగ్గనిదే సంగటి తగ్గదు

తిరుపతిలో టిఫిన్ సెంటర్ల బోర్డులు మారిపోయాయి. ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి కొర్లగుంట సందుల దాకా ఎక్కడ చూసినా రాగి ఇడ్లీ, రాగి దోశ, కొర్రల పొంగలి, సామల ఉప్మా. కొన్నిచోట్ల వాటి కింద "షుగరు ఉన్నవారికి ప్రత్యేకం" అని కూడా రాస్తున్నారు. ఈ మధ్య రేణిగుంట బస్సులో నా వెనక సీటులో కూర్చున్న ఒకావిడ పక్కావిడతో చెబుతోంది: "షుగరు రెండు వందల యాభై దాటిందక్కా. ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు. రెండు పూటలా సంగటే." పక్కావిడ "మంచి పని చేశావు" అంది. ఆ ఇద్దరి నిశ్చింత చూసి నాకు భయం వేసింది.

నాకూ షుగరు ఉంది, మా అమ్మకూ ఉంది. ఇంట్లో వంట నాదే. కాబట్టి ఈ విషయం గురించి నేను ఆలోచించినదంతా పొయ్యి దగ్గర ఆలోచించినదే. నా అభిప్రాయం ఇది: బియ్యం మాని రాగికో కొర్రలకో మారినంత మాత్రాన షుగరు దారికి రాదు, రోజుకు తినే ధాన్యం మొత్తం తగ్గాలి. ఆ ధాన్యం తగ్గాలంటే మన చిత్తూరు వైపు కూరల్లో కారం, ఉప్పు, పులుపు తగ్గాలి. మొదటి మాటను చాలామంది ఒప్పుకుంటారు. రెండో మాట అనగానే మా ఇంట్లోనే గొడవ మొదలవుతుంది. అందుకే దాని గురించి ఎక్కువగా రాస్తాను.

రాగి కూడా ధాన్యమే

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. అంతే రాగిలో సుమారు 67 గ్రాములు. పీచు విషయంలో రాగిదే పైచేయి: బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు, రాగిలో 11 గ్రాముల దాకా ఉంటుంది. కాల్షియం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంత మంచి ధాన్యాన్ని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ సంగటి అంటే రాగి ఒక్కటే కాదు కదా. ముందు బియ్యపు నూకలు ఉడికించి, వాటి మీద రాగి పిండి పోసి కెలుకుతాం. 60 గ్రాముల పిండి, 40 గ్రాముల నూకలు వేసిన ముద్దలో పిండి పదార్థం లెక్క కట్టి చూడండి, 70 గ్రాములు దాటుతుంది. అదే 100 గ్రాముల బియ్యం వండుకుంటే 78. తేడా సుమారు ఏడు గ్రాములు. పైగా సంగటి మంచిదన్న నమ్మకంతో మరో అర ముద్ద వేసుకుంటే ఆ తేడా కూడా మిగలదు.

గ్లూకోమీటరు నా చేతికి వచ్చాక నేను చూసినదీ ఇదే. అన్నం తిన్న రెండు గంటలకు వచ్చే అంకెకూ, కడుపు నిండా సంగటి తిన్న రెండు గంటలకు వచ్చే అంకెకూ మధ్య సంబరపడేంత దూరం ఎప్పుడూ లేదు. రాగి జావ అయితే మరీ అన్యాయం. మెత్తగా ఆడించిన పిండిని నీళ్లలో బాగా ఉడికించి తాగితే, అది ముద్దకంటే తొందరగా అరిగి తొందరగా నెత్తుటిలోకి చేరుతుంది. ఉదయం జావ తాగి "ఈ రోజు షుగరుకు మంచి టిఫిను తీసుకున్నాను" అనుకునేవారిని మా వీధిలోనే ఎందరినో చూస్తున్నాను.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో లెక్క తేల్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే బృందమే 2025లో మన తిండి గురించి నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారి ఆధ్వర్యంలో జరిగిన పని అది. మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని అందులో తేలింది. మొత్తం పిండి పదార్థం తగ్గకుండా బియ్యం బదులు గోధుమలకో చిరుధాన్యాలకో మారినవారిలో మధుమేహం ముప్పు తగ్గినట్టు కనబడలేదు. కేలరీల్లో ఐదు శాతాన్ని పిండి పదార్థం నుంచి పప్పులు, పాలు, పెరుగు వంటి వాటి మాంసకృత్తులకు మార్చిన లెక్కలో మాత్రం తగ్గింది. ఇది సర్వే ఆధారంగా చేసిన పరిశోధన. ఒకరికి ఇది పెట్టి, మరొకరికి అది పెట్టి ఏళ్ల తరబడి చూసినది కాదు. కాబట్టి దీన్నే ఆఖరి మాటగా పట్టుకోమని నేను అనను. అయినా 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నప్పటి నుంచి మనకు ఒకవైపు మాటే వినిపిస్తోంది. రెండోవైపు కూడా వినాలి.

అమ్మ అడిగిన ప్రశ్న

మా అమ్మది పలమనేరు దగ్గరి పల్లె. ముద్ద చిన్నది చేసి ఆమె కంచంలో పెట్టిన రోజు నన్ను సూటిగా అడిగింది: "మా నాయన మూడు పూటలా సంగటే తిన్నాడు. పొద్దున సద్ది సంగటి, చల్ల, ఎర్రగడ్డ. ఆయనకు రాని షుగరు నాకు సంగటితో వచ్చిందా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయడం నాకు ఇష్టం లేదు. సంగటి ఆమెకు తిండి మాత్రమే కాదు. ఆమె చిన్నతనంలో వరి అన్నం అంటే పండగ. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాకే ఇలాంటి మెట్ట ఊళ్లలో రోజూ అన్నం వండటం మామూలైంది. అన్నం గొప్పింటి తిండి, సంగటి లేనివారి తిండి అన్న కాలాన్ని దాటి వచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు డాక్టర్లూ టీవీలూ సంగటిని మెచ్చుకుంటుంటే, తన చిన్నతనానికి గౌరవం దక్కినట్టు ఆమెకు అనిపిస్తోంది. సరిగ్గా ఆ సమయంలో కూతురు వచ్చి ముద్ద తగ్గించమంటే బాధపడదా?

అయినా జవాబు చెప్పాలి కాబట్టి చెప్పాను. తాత తెల్లవారక ముందే మడక కట్టేవాడు, ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలేవాడు, అంగళ్లకు నడిచే పోయేవాడు. ఆ ముద్ద మధ్యాహ్నానికల్లా ఒంట్లో ఖర్చయిపోయేది. అమ్మ ఇప్పుడు మూడో అంతస్తులో, లిఫ్టు ఉన్న ఇంట్లో ఉంటోంది. ఆ ముద్ద తాతకు సరిపోయింది, ఈమెకు ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఉంది. తాతకు షుగరు లేదని మనకెవరికీ తెలియదు. ఆయన నెత్తురు ఎవరూ ఎప్పుడూ పరీక్ష చేయలేదు. ఈ మాట మాత్రం అమ్మతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

వేలూరులో తిన్న బీన్స్

ముద్ద చిన్నదైతే కడుపు ఎలా నిండాలి? అందరూ "కూర ఎక్కువ తినండి" అంటారు. నేనూ అదే ప్రయత్నించాను. కుదరలేదు. ఎందుకు కుదరడం లేదో వేలూరులో మా వదిన ఇంట్లో అర్థమైంది. అన్నం ఉడికేలోపు ఆకలిగా ఉందంటే ఆమె ఒక గిన్నెడు బీన్స్ తాలింపు చేతికిచ్చింది. సన్నగా తరిగిన బీన్స్, రెండు ఎండుమిరపకాయలు, గుప్పెడు కొబ్బరి తురుము, అంతే. స్పూనుతో తింటూ మాట్లాడుతూ గిన్నె ఖాళీ చేశాను. అదే బీన్స్‌ను నేను మా ఇంట్లో కారప్పొడి, తెల్లగడ్డ, చెనక్కాయల పొడి దట్టంగా వేసి చేస్తే రెండు స్పూన్లకు మించి వట్టిగా ఎవరూ తినలేరు. మూడో స్పూనుకు నాలుక మండుతుంది, చెయ్యి దానంతటదే అన్నం వైపు పోతుంది.

మన కూరలన్నీ అలాగే పుట్టాయి. ఊరిబిండి చూడండి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు రోట్లో నూరి, నాలుగు వేళ్లతో ఇంత తీసుకుంటే చాలు, పెద్ద ముద్ద సాఫీగా లోపలికి దిగుతుంది. పుల్లగూర, గోంగూర, పప్పుల పొడి, కారం దోశ మీద పూసే ఎర్రకారం, చివరికి నాటుకోడి పులుసు కూడా అంతే. పులుసు పలుచగా, కారంగా ఉండేది సంగటి ముంచుకోవడానికి. వానలు నమ్మలేని ప్రాంతంలో కూరగాయలు, కోడి అరుదు, రాగులు ఉన్నంతలో సులువు. కాస్తంత కూరతో పెద్ద ముద్దను తినిపించే వంట మన అవ్వలు కనిపెట్టారు. వారి తెలివికి చేతులెత్తి మొక్కాలి. కానీ మనకు కావలసింది ఇప్పుడు దానికి నేరుగా తిరగబడ్డ పని: కాస్తంత ధాన్యంతో పెద్ద గిన్నెడు కూర తినాలి. పాత కూరతో ఈ కొత్త పని జరగదు. సంగటి తగ్గించి కూర మాత్రం అదే కారంతో వండితే మూడో రోజుకు మళ్లీ పాత ముద్దే కంచంలోకి వస్తుంది. మనసు గట్టిగా లేదని మనల్ని మనం తిట్టుకుంటాం. కానీ తప్పు కూరలో ఉంది.

ఉప్పు సంగతి వేరే చెప్పాలా? రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగరుతో పాటు బీపీ ఉన్నవారు ఎందరో. అన్నానికి సరిపడేలా ఉప్పు వేసిన కూరను గిన్నెలకొద్దీ తింటే షుగరు తగ్గేలోపు బీపీ పెరుగుతుంది.

నేను వండే పద్ధతి

మా ఇంట్లో మావారు, అబ్బాయి కారం లేనిదే ముద్ద ఎత్తరు. నాకూ అమ్మకూ వేరే వంట, వాళ్లకు వేరే వంట చేయడం నా వల్ల కాదు, ఏ ఇల్లాలి వల్లా కాదు. షుగరు తిండి గురించి చెప్పే మగ డాక్టర్లు, మగ వక్తలు ఈ సంగతిని తలచుకోరు. "మీ ఆవిడతో చెప్పండి" అని ఊరుకుంటారు.

అందుకే ఒకే వంటను మధ్యలో విడదీస్తాను. మటికాయలు (గోరుచిక్కుడు), బీరకాయ, సొరకాయ, క్యాబేజీ, తోటకూర ఏదైనా సరే, ఆవాలు, కరివేపాకు, ఎర్రగడ్డతో తాలింపు పెట్టి, కొంచెం ఉప్పుతో మగ్గించి, కొబ్బరో నువ్వుల పొడో చల్లి సగానికి పైగా ముందే తీసి పెడతాను. మిగిలిన దానిలో వాళ్లకు కావలసిన కారం, ఉప్పు పడతాయి. అదనంగా పట్టేది రెండు నిమిషాలు. కోడికూర కూడా పులుసు పెట్టకుండా మిరియాలతో ఇగురు చేసి, నా వాటా తీశాక మిగతా దానిలో కారం, నీళ్లు పోసి వాళ్లకు పులుసు చేస్తాను.

మధ్యాహ్నం కంచంలో ముందు పెద్ద గిన్నెడు తాలింపు, గుడ్డు పొరటో కోడో చేపో, ఆ తరువాత పాత ముద్దలో మూడో వంతు సంగటి, చివర చల్ల. ధాన్యం చివరికి వచ్చేసరికి దాని మీద అంత ఆబ ఉండదు. ఉదయం బియ్యం కలపని పెసరట్టు. ఊరిబిండిని నేను మానలేదు, మానమని కూడా చెప్పను. మిరపకాయలు నాలుగో వంతుకు తగ్గించి, టమోటాలు, కాల్చిన వంకాయ కలిపి నూరితే అది పచ్చడిలా కాకుండా కూరలా తినవచ్చు. చెనక్కాయల్లో పిండి పదార్థం తక్కువే, 100 గ్రాములకు 17 గ్రాములు, కానీ నూనె దాదాపు 40 గ్రాములు. బరువు తగ్గాల్సినవారు గుప్పెడు దాటితే కష్టం.

పప్పుల విషయంలో ఒక హెచ్చరిక. ఉలవల్లో, కందిపప్పులో కూడా సగానికి పైగా పిండి పదార్థమే. అయితే 20 శాతానికి పైగా మాంసకృత్తులు కూడా ఉంటాయి, నెమ్మదిగా అరుగుతాయి. చలికాలంలో అనపకాయలు (చిక్కుడు జాతివి, సొరకాయ కాదు) వచ్చినప్పుడు పితికిన పప్పు వండుకుంటే నేను ఆ పూట సంగటి వేసుకోను. రాత్రంతా నానబెట్టి ఒక్కొక్క గింజనూ పితికి తొక్క తీసే ఓపిక ఉన్న ఇళ్లు తగ్గుతున్నాయి కానీ, ఈ జిల్లాలో పుట్టిన వంటల్లో ముద్ద అడగకుండా తనకు తానుగా కడుపు నింపేది అదొక్కటే అని నా నమ్మకం.

పెరటాసి నెలలో

అన్నిటికన్నా కష్టమైన నెల పెరటాసి. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మా వైపు చాలా ఇళ్లలో మాంసం, గుడ్డు ఉండవు. శనివారం స్వామికి తళిగ (నైవేద్యం) వేస్తే చిత్రాన్నం, చక్కెర పొంగలి, వడలు, బియ్యప్పిండీ బెల్లమూ కలిపిన పిండి దీపం. కంచంలో అన్నీ ధాన్యం, బెల్లం. స్వామికి పెట్టినది వద్దనలేం, అనకూడదు కూడా. ఏడాది పొడవునా బంధువులు కొండ దిగి వస్తూ తెచ్చే లడ్డూ విషయంలోనూ నాది ఇదే మాట: కళ్లకు అద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే ప్రసాదం స్వీకరించినట్టే. మిగిలినది పంచితే పుణ్యం పెరుగుతుందే తప్ప తరగదు. మిగతా రోజులకు పెసలు, అలసందలు, పెరుగు, పనీరు, సోయా ఉన్నాయి. ఆ నెలలో నా అంకెలు కొంచెం పైకి పోతాయి. దాన్ని నేను ఒప్పుకుని ముందుకు పోతాను.

మాత్రలు వేసుకునేవారు ఆగి చదవండి

మా వీధి చివర ఉండే బాబాయి ఒకాయన, నా మాటలు విని కాదు, ఫోనులో ఏదో వీడియో చూసి, రాత్రి భోజనం నుంచి ధాన్యం ఒక్కసారిగా తీసేశారు. మాత్రలు మాత్రం పాత మోతాదులోనే వేసుకున్నారు. తెల్లవారుజామున చెమటలు, వణుకు. పిన్ని గ్లూకోమీటరు పెట్టి చూస్తే 70కి బాగా కింద ఉంది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాక తేరుకున్నారు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ మనం తిన్నామా లేదా చూడవు, తమ పని తాము చేసుకుపోతాయి. తిండిలో పిండి తగ్గితే వాటి మోతాదు కూడా డాక్టరు తగ్గించాలి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతూ ధాన్యం దాదాపు పూర్తిగా మానేస్తే, షుగరు మరీ పెరగకుండానే నెత్తుటిలో కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాంసకృత్తులు ఎంత తినాలో ముందే అడగాలి.

కొన్నేళ్ల కిందట తెలుగునాట ఊపు అందుకున్న, ధాన్యం పూర్తిగా మాని కొవ్వు మీద ఉండమనే కొబ్బరి నూనె డైటును నేను ఎవరికీ చెప్పనిది ఇందుకే. నలుగురితో కలిసి తినే ఇంట్లో అది నిలవదు, వదిలేశాక పాత ముద్ద రెట్టింపై వస్తుంది. ధాన్యాన్ని సగానికి తేవడం వేరు, సున్నాకు తేవడం వేరు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు మేలు జరిగింది సగంతోనే.

మెస్సులో కూర గిన్నె

నా వాదనకు ఎదురు నిలబడే గట్టి ప్రశ్న ఒకటి ఉంది, డబ్బు. రేషను బియ్యంతో కుటుంబం కడుపు నిండుతుంది. కూరగాయలు, గుడ్లు, కోడి అలా కాదు. కూలి పనికి పోయే మనిషితో ముద్ద తగ్గించు అనడానికి నాకు నోరు రాదు, అనాల్సిన అవసరమూ చాలాసార్లు ఉండదు. నేను మాట్లాడుతున్నది కూర్చుని పని చేస్తూ, వారానికి రెండుసార్లు బయట తినగలిగే మనలాంటివారితో.

మనం తినే చోట్ల పరిస్థితి చూడండి. ఫుల్ మీల్సులో అన్నం ఎంత అడిగితే అంత. కూర మాత్రం చిన్న గిన్నెడు, అదీ ఒక్కసారే. ఈ మధ్య నేను మధ్యాహ్నం పూట పోయే మెస్సులో అన్నం సగం చాలు, తాలింపు రెండు గిన్నెలు పెట్టండి అన్నాను. వడ్డించే అబ్బాయికి అర్థం కాక యజమానిని పిలిచాడు. ఆయన పెద్దమనిషి, విసుక్కోకుండా చెప్పారు: "రెండోసారి కూర అడిగేవాళ్లు ఉండరమ్మా. కారానికి అన్నమే అడుగుతారు. అన్నం మాకు చవక." నేను ఇన్ని పేరాల్లో చెప్పిందంతా ఆయన మూడు ముక్కల్లో చెప్పేశారు.

కారం తగ్గిస్తే మిగతావారు తినరని ఆయన బెంగ. కారం వేయక ముందే ఒక బేసిన్‌లో విడిగా తీసిపెట్టమని, అడిగినవారికి అది పెద్ద గిన్నెలో పెట్టమని, అన్నం సగానికి తగ్గించి ఆ గిన్నెకు ముప్పై రూపాయలు ఎక్కువ తీసుకోమని చెప్పాను. పది మంది అడిగితే చేస్తానన్నారు. ఇప్పటికి నేను ఒక్కదాన్నే అడిగాను. రాగి దోశ బోర్డు పెట్టించింది కూడా మనం అడగడమే కదా. మీరు తినే చోట ఈ గిన్నె అడగండి.